ఇస్త్రీ చొక్కా

హనీఫా సంచిలో మనవరాలి కాగితాలన్నీ సర్ది, వాటిపైన కొడుకు యూసుఫ్ ఇస్త్రీ చొక్కా పెట్టింది.

“అదెందుకు అత్తమ్మా?” అంది కోడలు షాగుఫ్తా.

“అమ్మానాన్న ఇద్దరు రావాలన్నరు గద. వాడు లారీ దిగి సీదా బడికే వస్తే, మాసిన అంగీతోని సిస్టర్ ముంగట ఎట్ల కూసుంటడు?”

షాగుఫ్తా పాపకు జడ వేసింది.

లాలాగూడ నుంచి చర్చి బడిదాకా నడిచేసరికి హనీఫా కాళ్లు పీకేశాయి. పాప సీటు సంగతి సిస్టర్ ఓపిగ్గానే చెప్పింది.

“చర్చి కుటుంబాల పిల్లలు, ఇక్కడ చదివేవాళ్ల తమ్ముళ్లు, చెల్లెళ్లు... ఆ సీట్లు అయిపోయినయ్. తల్లి ఒక్కతే సాకే పిల్లల కోసం ఒక్క సీటుంది. మిగతా అందరికీ చీటీలు తీసుడే. నిరుడు మీరు తండ్రి ఉన్నడని రాసిచ్చిండ్రు. చీటీల్లో పాప పేరు రాలేదు.” సంచిలోంచి కనబడుతున్న చొక్కాను చూసి ఆగింది. “ఈసారైనా ఆయన వస్తున్నడా?”

షాగుఫ్తా అత్త ముఖంలోకి చూసింది.

నిరుడు కూడా కోడలు ఇదే కుర్చీలో కూర్చుని ఇట్లాగే చూసింది. హనీఫా “వస్తడు” అన్నాకే పెన్ను పట్టుకుంది. అది తన మనసు కష్టపెట్టలేక రాసిన రాత అని హనీఫాకు ఇప్పుడు తెలిసింది.

ఆమె చొక్కాను సంచి అడుక్కి తోసింది.

“రాసుకో సిస్టరమ్మా. నా కొడుకు యూసుఫ్ రెండువేల ఇరవై, ఆగస్టు ఎనిమిదిన నాగపూర్ లారీ ఎక్కిండు. మళ్ల ఇంటికి రాలె.”