కింద మాస్టర్, మీద దొంగ

రవీందర్ మాస్టర్ తన్నిన మొదటి తన్ను గాలికి తగిలింది. రెండో తన్నుకు లేచిన కాలు దొంగ చేతికి చిక్కింది.

మాస్టర్ స్కూటీని ఎత్తుకుపోబోతూ, ఆయన ఉరికిరావడం చూసి అప్పుడే దిగిన ఆ మనిషి మొహానికి దస్తీ కట్టుకుని ఉన్నాడు. దొరికిన కాలును చంకలో ఇరికించుకుని ముందుకు నడిచాడు. అంతే. తెల్ల డ్రెస్సు, బ్లాక్ బెల్టు, వాటి లోపలి మనిషి, అన్నీ కలిసి శామీర్‌పేట చెరువు కట్ట కింద ఇసకలో వెల్లకిలా పడ్డాయి. లేచేలోపే దొంగ వచ్చి ఛాతీ మీద అడ్డంగా పడుకున్నాడు.

"ఇడువురా!"

"ఇడిస్తె తంతవ్."

"తన్న."

"ఇందాక జేసిందేంది మరి?"

మాస్టర్ గుద్దబోయాడు. చెయ్యి ఆడించే జాగా లేదు. మోకాలు లేపబోయాడు. అదీ లేవలేదు.

ఆదివారం పొద్దున కరాటే క్లాసుకొచ్చిన బ్యాచంతా ఉరికొచ్చింది. అందరికంటే ముందు ఆటో నడిపే శివ, చెప్పు చేతిలో పట్టుకుని. పాల కేంద్రంలో పనిచేసే సరళ అతన్ని ఆపింది.

"ఆగు శివన్నా. సార్ ఏదో జూపిస్తుండు. కొత్త పాఠమా సార్ గిది?"

మీద పడి పట్టుకుంటే ఏం చెయ్యాలని ఈ బ్యాచ్ ఎన్నాళ్లుగానో అడుగుతోంది. మాస్టర్ జవాబు ఎప్పుడూ ఒక్కటే: "దగ్గరికొస్తె గదా పట్టుకునేది? ఒక్క తన్ను, ఖేల్ ఖతం. మట్టిల పొర్లుడు బర్రెల పని."

"అవ్," అన్నాడు మాస్టర్, ఊపిరి అందినంత మేరకు. "పాఠమే. ఈయన... కొత్త కోచ్. కుస్తీ కోచ్."

దొంగ తల ఎత్తి మాస్టర్‌ను చూశాడు. బ్యాచ్‌ను చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"అందరికి నమస్తె. జర దగ్గరికి రాండ్రి. మీ సార్ ఎందుకు లేస్తలేడు? నాకు బలమెక్కువని గాదు. నా బరువంత ఆయన ఛాతి మీదున్నది. ఏది సార్, లేవుండ్రి."

మాస్టర్ ప్రయత్నించాడు.

"లేస్తలేడు," అన్నాడు దొంగ సంతోషంగా. "ఇగ మెడ పట్టు. ఊపిరాడకుంటె చేత్తోని నేల మీద కొట్టాలె. అంటే ఓడిన, ఇడువుమని..."

మాట పూర్తికాకముందే మాస్టర్ చెయ్యి ఇసకను దబదబా బాదింది.

"జూసిండ్రా? మీ సార్‌కు మస్తు తెల్సు."

"మరి కిందున్నోడు ఎట్ల లేవాలె?" అడిగాడు శివ.

ఆ జవాబు కోసం మాస్టర్ ఎదురుచూసినంతగా ఇంకెవరూ చూసి ఉండరు.

"చేతులతోని నూకితె గాదు. నడుము లేపాలె. పక్కకు తిరగాలె. సందు దొరకంగనే మోకాలు నడిమిట్ల పెట్టాలె."

మాస్టర్ అలాగే చేశాడు. నడుము లేచింది, సందు దొరికింది, మోకాలు దూరింది. దొంగ పక్కకు దొర్లాడు. తనకు తెలీకుండానే మాస్టర్ నవ్వాడు. ఇప్పుడు తన్నొచ్చు. కానీ బ్యాచ్ చప్పట్లు కొడుతోంది. కోచ్‌ను ఎలా తంతాడు?

"ఇంకెవరు జేస్తరు?" అన్నాడు దొంగ.

మగవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. సరళ ముందుకొచ్చింది.

"సరళా, ఆయన బయటి మనిషి!" అన్నాడు మాస్టర్ కంగారుగా.

"నేర్చుకునేకాడ బయటేంది, ఇంట్లేంది సార్?"

అంటూనే దొంగను ఇసకలో పడేసి మెడ బిగించింది. ఈసారి దొంగ చెయ్యి నేలను బాదింది.

"మెల్లగ, మెల్లగ!"

పాఠం అయిపోయింది. దొంగ బట్టలు దులుపుకుని స్కూటీ ఎక్కాడు. తాళంచెవి బండికే ఉంది.

"మేడ్చల్‌ల ఇంకో క్లాసున్నది మాస్టర్. పోయొస్త."

మాస్టర్ కాలు కొద్దిగా లేచింది. బ్యాచ్ మొహాలు చూసి దిగింది. అందరూ వరసగా నిలబడి, నడుము వంచి దొంగకు దండం పెట్టారు. మాస్టర్ కూడా వంగాడు. నిటారుగా నిలబడేసరికి స్కూటీ కరీంనగర్ రోడ్డెక్కింది.

"మంచి మనిషి సార్," అన్నాడు శివ. "మొన్న జవహర్‌నగర్ కాడ ఒగడు తాగొచ్చి నా మెడ పట్టుకుండు. తన్నుదమంటె కాలే లేవలే. తన్నితె సాలని మీరు చెప్తిరి గదా, నాకే సరిగ రాలేదేమో అనుకున్న."

మాస్టర్ శివ మెడ వైపు చూశాడు. గోళ్ల గీతలు ఇంకా మానలేదు. ఆయన నెమ్మదిగా ఇసకలో కూలబడ్డాడు.

"నీ తప్పు గాదు శివా. వాడు కోచ్ గాదు, దొంగ. నా బండి ఎత్తుకపోయిండు. ఇజ్జత్ పోతదని మీకు అబద్ధం జెప్పిన."

రోడ్డు వైపు ఉరకబోయిన శివను మాస్టర్ చెయ్యి పట్టి ఆపాడు.

"పట్టుకుంటె ఏం జెయ్యాలెనో మీకు జెప్పలే. ఎందుకంటే నాకే తెల్వదు. తన్నుడు రావాలె, గుద్దుడు రావాలె, గీ పట్టుడు గూడ రావాలె. ఇవాళ తెల్సింది. వచ్చే ఆదివారం సంది పట్టు నేర్చుకుందాం. అందరికంటె ముందుగాల నేనే నేర్చుకుంట. ఎవరన్న మంచి ఉస్తాద్ ఉంటె జెప్పుండ్రి."

సరళ ఫోన్ తీసి మొగుడికి కలిపింది.

"ఏమయ్యా, ఇగ బండి మలుపుకోని రా. సార్ ఒప్పుకుండు."