బోర్డుకు చెవి

"ఎండిపోయాయి నాన్నా, బస్తాలకెత్తొచ్చు!" కల్లంలో మిరపకాయల మీద పెట్టిన, తేమ కొలిచే తన సర్క్యూట్ బోర్డు చూసి అరిచింది జాస్మిన్. సాయంత్రంలోగా ఈ డిజైన్ ఫ్యాక్టరీకి పంపితే యాభై బోర్డులు తయారవుతాయి.

తండ్రి సాల్మన్ ఒక కాయను చెవి దగ్గర ఆడించాడు. "నీ బోర్డు కోతలు కోస్తోందమ్మాయ్. ఎండింది పైన తోలే. లోపల గింజ ఇంకా పచ్చిగానే ఉంది."

"చెవికెలా తెలుస్తుంది?"

నిరుటి కాయ తెచ్చి ఆమె చెవి దగ్గర ఆడించాడు. గింజలు గలగలమన్నాయి. కల్లంలో కాయ ఆడిస్తే చప్పుడే లేదు.

జాస్మిన్ లాప్‌టాప్ తెరిచింది. డిజైన్‌లో బోర్డు మీద బిగించేలా మైక్ ఉన్న ఇంకో చిన్న బోర్డు గీసింది.

"ఏంటే అది?"

"నీ చెవి! ఫ్యాక్టరీకి రేపు పంపుతా. ముందు నువ్వు కాయలు ఆడిస్తే, ఆ చప్పుడు లాప్‌టాప్ మైక్‌తో పట్టి దీనికి నేర్పుదాం."

సాల్మన్ గుప్పెడు కాయలతో బోర్డు ముందు చతికిలబడ్డాడు. "ఒరేయ్, సరిగ్గా విను!"