తెల్ల చుక్కలు

దగ్గరికి జరగండర్రా, గొంతెత్తి చెప్పుకునే కథ కాదిది.

అరవై ఏడో సంవత్సరం, వేసవి సెలవులు. తెనాలి బస్టాండులో కోటేశ్వరమ్మ పదేళ్ల కూతురు కుసుమ చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది. కాలవ గట్టు తప్ప మరో ఎత్తు ఎక్కి ఎరగని మనిషి.

భర్త పూర్ణచంద్రరావు బడిపంతులు. పిల్లకు కొండవీటి కొండ ఎక్కించి చూపించాలని నెల రోజులుగా కాగితాల మీద దారులు గీస్తున్నాడు.

"చేద తాడు తెచ్చావా?"

"తెచ్చా. పెరుగన్నం, మరచెంబుతో నీళ్లు, టించరు సీసా కూడా. పిల్ల జారితే ఏంటండీ గతి?"

"బండల మీద సున్నం చుక్కలుంటాయే పిచ్చిదానా. వాటి మీదే అడుగేసుకుంటూ పోతే పసిపిల్లలైనా ఎక్కుతారట."

పక్క బెంచీ మీది ముసలాయన ఇటు తిరిగాడు. ఒళ్లో మూతికి గుడ్డ కట్టిన ముంత.

"ఇవాళ ఎక్కబాకండమ్మా. రేపు ఎక్కండి."

"ఏంటి తాతా, వర్జ్యం చూశావా?" నవ్వాడు పంతులు.

"అది కాదు బాబూ, మొన్నటి గాలివానకి..." అంటూనే ఆయన కుసుమ వైపు వంగాడు. "దిగేటప్పుడు కొండకు మొహం పెట్టి దిగాలి తల్లీ. మెట్లు దిగినట్టు దిగకూడదు."

పిల్ల తల నిమరబోయాడు.

అప్పుడు చూసింది కోటేశ్వరమ్మ ఆ వేళ్లను. కొసలు తెల్లగా పాలిపోయి, చర్మం పొరలు లేచి ఉన్నాయి.

"ముట్టుకోబాకు!" పిల్లను లాగేసుకుంది.

బస్సులో ఆయన వాళ్ల వెనక సీట్లో కూర్చోబోతే కండక్టరును పిలిచింది.

"పెద్దరోగం మనిషిని ఎక్కించుకుంటారా? పసిపిల్లుంది ఇక్కడ!"

ముసలాయన ముంత గుండెకు ఆనించుకుని దిగిపోయాడు.

కొండ మీద చెట్ల నీడ ఉన్నంత మేరా చుక్కలు బాగానే కనిపించాయి. నీడ దాటి నున్న బండ మీదికి వచ్చేసరికి ఒక్కటీ లేదు.

పంతులు అటు పాకాడు, ఇటు పాకాడు.

కుసుమ కాలు జారింది. గులకరాళ్లు దొర్లుకుంటూ పోయాయి. ఎప్పటికో, ఎక్కడో కింద చప్పుడైంది. పిల్ల నడుముకు కట్టిన తాడు పట్టుకుని కోటేశ్వరమ్మ కొయ్యబారిపోయింది.

"అమ్మా," అంది కుసుమ బండను కరుచుకునే, "ఆ తాత చెప్పాడుగా. కొండకు మొహం పెట్టి దిగుదాం."

అలాగే దిగారు ముగ్గురూ, ఒక్కో అడుగూ తడుముకుంటూ, పొద్దు వాలేదాకా.

కొండ కింద టీ కాచే అన్నమ్మ వాళ్ల గీరుకుపోయిన మోకాళ్లు చూసి గుండె బాదుకుంది.

"నున్న బండ దాకా పోయారా? అక్కడి చుక్కలు వానకి కొట్టుకుపోయాయి కదమ్మా! కొల్లూరు నుంచి ఒక పెద్దాయన వచ్చి, వాన పడ్డప్పుడల్లా మళ్లీ పెట్టిపోతాడు. ఆయన కూతురు ఆ బండ మీదే జారిపడి చనిపోయిందిలెండి. ఇవాళ పొద్దున బస్సుకే రావాల్సింది, ఎందుకో రాలేదు."

టీ గ్లాసు కోటేశ్వరమ్మ చేతిలోనే చల్లారిపోయింది.

ఆ తర్వాత తెనాలి బస్టాండులో ఆమె వెతకని బెంచీ లేదు. ఆయన మళ్లీ కనపడలేదు.

మీ పిల్లలకూ చెప్పండర్రా ఈ కథ. చెప్పేటప్పుడు, ఆ వేళ్ల మీది తెలుపు రోగం కాదని, సున్నమని చెప్పడం మాత్రం మరిచిపోకండి.