నవ్వకూడని ఉద్యోగం

పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా ఎదురుచూడటం పెద్దావిడ ఉద్యోగం.

రేవు మెట్ల పైన, రాతి బల్ల మీద ఒక కంచు ఆడమనిషి కూర్చుని ఉంటుంది. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని సముద్రం వంక చూస్తుంటుంది. ఆ పక్కనే శాలువా కప్పుకుని, అటే చూస్తూ పెద్దావిడ. విగ్రహం ఆవిడదే. కాకపోతే విగ్రహానికి ముప్పై ఏడు దగ్గర వయసు ఆగిపోయింది. ఆవిడకు ఆ వెసులుబాటు లేదు.

ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. విగ్రహం కాలి బొటనవేలు రుద్దితే దూరమైనవాళ్ళు తిరిగొస్తారని ఎవరు పుట్టించారో గానీ, రుద్దీ రుద్దీ ఆ వేలు బంగారంలా మెరుస్తోంది. కొందరు పనిలో పనిగా పెద్దావిడ వేలు కూడా రుద్దిపోతారు. చక్కిలిగిలి పుట్టినా నవ్వకూడదు. అది పురపాలక సంఘం పెట్టిన మొదటి షరతు.

ఎదురుచూసే మనిషికి తోడు ఉండకూడదన్నది రెండోది. "ఒక్క ఏడాది ఓపిక పట్టు తల్లీ, హోటళ్ళు నిలదొక్కుకోనీ" అన్నాడు అప్పటి ఛైర్మన్. ఆయన పోయాడు. ఆయన కొడుకు ఛైర్మన్ అయ్యాడు. ఆ ఏడాది మాత్రం ఇంకా పూర్తి కాలేదు.

"నలభై ఏళ్ళండీ!" అంటున్నాడు గైడు, చిన్న జెండా ఊపుతూ. పోయినేడే ఈ ఊరు వచ్చినవాడు. "భర్త సరుకుల ఓడ ఎక్కి వెళ్ళాడు. ఓడ మునిగిందన్నారు. ఈ తల్లి నమ్మలేదు. తొమ్మిదేళ్ళు రోజూ ఇక్కడే కూర్చుంటే, ఊరంతా కరిగిపోయి విగ్రహం పెట్టింది. ఇవాళ్టికీ చూపు తిప్పలేదు, చూడండి!"

ఆవిడ చూపు తిప్పింది. టీ కొట్టు వైపు.

కొట్టు ముందు రేకుపెట్టె ఉంది. తాడు బిగించి ఉంది.

టీ కొట్టాయన గ్లాసు పట్టుకుని వచ్చాడు. "విగ్రహం గారూ, కాలుతోంది, ఊదుకుని తాగండి" అని అందరికీ వినపడేలా అని, గొంతు తగ్గించాడు. "ఆరు గంటల పడవకి పోతున్నా. అవతలి ఒడ్డుకి, మా చెల్లెలింటికి. రెండు టిక్కెట్లు తీశా. రెండోది నీకే."

"ఇవాళేనా? రేపు నలభై ఏళ్ళ సభ పెట్టుకుని? నన్ను ఏడవమన్నారు కూడాను."

"అందుకే ఇవాళ. ఇంకా ఎన్నాళ్ళు నన్ను నీ పెరటి గోడ దూకమంటావు? మోకాళ్ళు ఒప్పుకోవట్లేదు. మొన్న గోడ మీద ఇరుక్కుపోతే పక్కింటి కుక్క మొరగడం మానేసి జాలిగా చూసింది."

పెద్దావిడ పెదవి కొరుక్కుంది. ఉద్యోగం పోతుంది మరి.

కాలివేలు రుద్దుతున్న యాత్రికురాలు ఒకావిడ తలెత్తింది. "ఏవయ్యా, సిగ్గు లేదూ? మొగుడి కోసం కళ్ళు కాయలు కాసేలా చూస్తున్న ఇల్లాలితోనా పరాచికాలు?"

"సిగ్గా? ఎప్పుడో పోయిందమ్మా" అన్నాడు టీ కొట్టాయన వినయంగా.

పాత కొట్లవాళ్ళు మాత్రం ఏమీ విననట్టు, అమ్మకానికి పెట్టిన బుల్లి విగ్రహాల దుమ్ము దులుపుకుంటున్నారు.

పెద్దావిడ టీ చల్లారిపోయింది. తను లేస్తే ఊరి నోట్లో మట్టి. లేవకపోతే ఆ పెట్టె పడవెక్కుతుంది.

వెళ్ళే పడవంటే ఆవిడకు భయం. నలభై ఏళ్ళ కిందట ఒకటి ఇక్కణ్ణుంచే వెళ్ళింది. పొయ్యి మీద పాలున్నాయని ఆ రోజు ఆవిడ రేవు దాకా రాలేదు. గడపలోంచే చెయ్యి ఊపింది. అప్పట్నుంచీ ఎవరు గుమ్మం దాటినా "ఎప్పుడొస్తావు?" అని మూడుసార్లు అడుగుతుంది. టీ కొట్టాయన వీధి చివరికి చక్కెర కోసం వెళ్ళినా అడుగుతుంది.

ఆరుకు ఐదు నిమిషాలుందనగా పడవ కూసింది.

టీ కొట్టాయన రేకుపెట్టె భుజానికెత్తుకున్నాడు. ఇటు చూడలేదు. ఒక మెట్టు దిగాడు. రెండు. మూడు. నాలుగో మెట్టు మీద ఊరికే ఆగి, ఊడని చెప్పు సర్దుకున్నాడు.

పెద్దావిడ లేచింది. శాలువా తీసి కంచు భుజాల మీద కప్పింది. "ఇంక నువ్వు చూసుకో తల్లీ" అంది విగ్రహంతో. గబగబా మెట్లు దిగి ఆయన మోచెయ్యి పట్టుకుంది. "పాలు దించేసే వచ్చావా?" అన్నాడాయన. ఆవిడ ఆయన్ని ఒక్కటి చరిచింది.

యాత్రికులు నోళ్ళు వెళ్ళబెట్టారు. గైడు జెండా పారేసి పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, ఇదేం పని? నలభై ఏళ్ళ తపస్సు టీ నీళ్ళ పాలు చేస్తారా? రేపోమాపో మీ ఆయన వచ్చి అడిగితే మేమేం చెప్పాలి?"

పెద్దావిడ ఊరంతా వినపడేలా పకపకా నవ్వింది.

టీ కొట్టాయనకూ నవ్వాగలేదు. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట తను, విగ్రహం ముసుగు తీయడానికి ఒక్క పూట ముందు ఓడ దిగి, ఇదే రేకుపెట్టె ఈ మెట్ల మీద దించి, ముసుగెత్తి చూసి, "ఈ బొమ్మకి అచ్చం మా ఆవిడ పోలికొచ్చిందేంటి?" అని అడిగినందుకే కదా, ఊరి పెద్దలు తన నోరు మూయించడానికి ఆ టీ కొట్టు పెట్టించింది!