తాబేలు పంపిన ఫొటో

పైనుంచి చూసినవాడికి కనబడకపోతే కిందున్న చోటు లేనట్టేనా, చెప్పండి?

అడవిలో ఫోన్ల ఆట ఒకటుంది. ఎవరైనా ఓ చోటు ఫొటో పంపి, దాన్ని గద్ద ఒప్పుకుంటే, ఆడేవాళ్లంతా అక్కడికొస్తారు. ఒంటరి తాబేలు తన బండ కింది గుహ ఫొటో పంపి, గుమ్మం ఊడ్చుకుని కూర్చుంది. గద్ద బండ మీద ఓ చుట్టు తిరిగి, దొంగ ఫొటో అని కొట్టేసింది.

తాబేలు అప్పీలు పెట్టుకుంది. “గద్దమ్మా, ఒక్కసారి కిందికి దిగి చూడు తల్లీ!”

“దిగడమా? పైనుంచి చూడ్డమే మా పద్ధతి. మళ్లీ చూశాను, మళ్లీ లేదు. డిప్పలో కూర్చుని గుహలు కలగంటున్నావేమో!”

సాయంత్రమైంది. ఎవరూ రాలేదు. తాబేలు చాచిన మెడ లోపలికి లాక్కుంది.

అటువైపు వెళ్తే కాస్త వంగి చూడండి. చూసి ఊరుకోకండి, గుహ ఉందని గద్దకు గట్టిగా చెప్పండి.