చట్నీ వేళ

బళ్ళన్నీ మూసేశాక పిల్లలకి చదువు ఇళ్ళలోనే. ఆ చదువు మీద యూనివర్సిటీ వాళ్ళ పరిశోధన. మా వంటింటి గోడకి ఓ యంత్రం బిగించి పోయారు. మా అమ్మాయి ఇందుజతో నేనేం మాట్లాడినా అది వింటుంది. తిట్టినా పాఠమే, ముద్దుచేసినా పాఠమే. ఇదేం ఖర్మో!

అందుకే మిక్సీ వేసుకుని మాట్లాడుకుంటాం. నిన్న కొబ్బరి చట్నీ రుబ్బుతుంటే ఇందుజ నా చెవి దగ్గరికొచ్చింది.

“అమ్మా, మనం ఇందులోంచి బయటపడలేమా?”

“నువ్వు పెద్దయ్యేదాకా వదలరే తల్లీ.”

చట్నీ నీళ్ళయిపోయినా మిక్సీ ఆపలేదు. పిల్ల ఏడుపు ఆ యంత్రానికి వినపడకూడదుగా.

ఇవాళ పరిశోధకురాలు సౌదామిని గారు స్వయంగా వచ్చారు.

“మిక్సీ మోతకి పాఠాలు వినపడట్లేదండీ. మా తరఫున చిన్న కానుక,” అంటూ నవ్వుతూ ఓ పెట్టె ఇచ్చి వెళ్ళారు. అందులో చప్పుడు చేయని మిక్సీ ఉంది.

కొబ్బరి వేసి మీట నొక్కాను. అలవాటుగా ఇందుజ నా చెవి దగ్గరికొచ్చి నోరు తెరిచింది. ఇల్లంతా నిశ్శబ్దం. నోరు మూసుకుని, గోడకేసి చూసి, గట్టిగా అడిగింది.

“అమ్మా, కొబ్బరి చెట్టుకి కొమ్మలెందుకుండవు?”