నాన్న కేక

“వెనకబడ్డావే తూరున్! తోయ్, తోయ్!”

చివరి మంచు ఎత్తు మీద నిలబడి అమ్మ అరుస్తోంది. నిరుటిదాకా అక్కడ నాన్న అరిచేవాడు. ఒక్కొక్కరినే వదిలి, పట్టిన సమయం లెక్కగట్టే స్కీ పందెంలో ఎవరెక్కడున్నారో తెలిసేది ఆ కేకలతోనే. “ముందున్నావు” అని నాన్న ఒక్కసారీ అనలేదు. ఆయన పోయినప్పుడు తూరున్‌కు ఏడుపూ రాలేదు.

అలవాటుగా కర్రలు పొడిచి గీత దాటింది. బోర్డు మీద మొదటి పేరు తనదే.

అమ్మ వేడి బెర్రీ రసం అందించింది.

“మొదట్నించీ నేనే ముందున్నానట. అలా అరిచావేంటమ్మా?”

“నాకీ లెక్కలేం తెలుసే? నువ్వు ముందున్నా అలాగే అరవమని మీ నాన్న చెప్పిపోయాడు. ఆయనెప్పుడూ అంతేగా!”

“ఎప్పుడూనా?”

“అయ్యో, నీకు తెలీదూ?”

కప్పు చుట్టూ కొయ్యబారిన వేళ్ళు మెల్లగా సలపడం మొదలెట్టాయి.